మా ఇంట్లో లక్షవత్తుల ఏడాది

నేను కాపరానికి నందిగామ వచ్చింది శ్రావణమాసంలో. మా పుట్టిల్లు జగ్గయ్యపేట. బస్సెక్కి ఒక కునుకు తీసేలోపు వచ్చేసే దూరం. అయినా మా అమ్మ, నేనేదో సముద్రాలు దాటి పోతున్నట్టు ఏడ్చింది. చిల్లకల్లు దాటేదాకా నేనూ ఏడ్చాను. అప్పుడు మా ఆయన జేబులోంచి వేయించిన వేరుశనక్కాయలు తీసి నా చేతిలో పోసేసరికి, అవి వలుచుకునే పనిలో పడి ఏడుపు సంగతి మర్చిపోయాను. పందొమ్మిది వందల యాభైల చివరి మాట ఇది. అప్పటికి మా వీధికి కరెంటు లేదు.

ఆ సాయంత్రమే మా అత్తయ్యగారు గేదెల దగ్గర్నుంచి వస్తూ, "అమ్మాయ్, కాళ్ళు కడుక్కొచ్చి దేవుడి దగ్గర దీపం పెట్టు. ఇవాళ్టి నుంచీ సందెదీపం నీదే" అన్నారు.

గూట్లో ఇత్తడి కుంది తళతళా మెరుస్తోంది. పక్కనే నూనె గిన్నె ఉంది. వత్తుల డబ్బా మూత తీస్తే లోపల ఒక పింజెడు పత్తి తప్ప ఏమీ లేదు.

"వత్తుల్లేవండీ" అన్నాను.

"పత్తి ఉందిగా, ఒకటి చేసుకో."

నాకు వత్తి చేయడం రాదు. నవ్వకండి. మా పుట్టింట్లో మా పెద్దమ్మ ఉండేది. మధ్యాహ్నం పూట గడపలో కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండిళ్ళకు నెలకి సరిపడా వత్తులు ఆవిడే చేసేది. నేను దీపం పెట్టడమే గాని, వత్తి ఎలా తయారవుతుందో ఎప్పుడూ పట్టించుకోలేదు. కొత్తకోడల్ని, రాదని చెప్పడానికి నోరు రాక, ఆ పత్తిని రెండు అరచేతుల మధ్య పెట్టి పేనాను. పగ్గం లాంటిదొకటి తయారైంది. దాన్నే కుందిలో పెట్టి వెలిగించాను. మంట గూటి పైకప్పుకి తగిలింది. గుప్పున పొగ లేచింది. పటాల వెనక నుంచి బల్లి ఒకటి బయటపడి గోడ మీద పరిగెత్తింది.

అత్తయ్యగారు పరుగెత్తుకొచ్చి చూసి, "ఇదేం దీపమే? కాగడానా?" అన్నారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. "దీపంత తెండి, అందులో పెట్టి మళ్ళీ వెలిగిస్తా" అన్నాను. మా అమ్మది తెలంగాణ సరిహద్దు అవతల ఊరు. ప్రమిదని మేం దీపంత అనేవాళ్ళం.

"దీపంతా? అదేం మాటే!" అని ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. చివరికి గడప మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, "భగవంతుడా, లక్షవత్తుల నోము మొక్కుకున్నదాని ఇంటికి వత్తి చేయడం రాని కోడల్ని పంపించావా!" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు మొక్కు సంగతి. మా ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. ఎన్ని సంబంధాలు చూపించినా ఏదో వంక పెట్టి తప్పించుకు తిరిగేవారట. విసిగి విసిగి ఈవిడ శివాలయంలో నిలబడి, 'నా కొడుకు పెళ్ళికి ఒప్పుకుని, కోడలు నా గడపలో అడుగు పెడితే, కార్తీక పున్నానికి లక్షవత్తులు చేసి నీ ముందు వెలిగిస్తాను స్వామీ' అని మొక్కుకున్నారట. అంటే, ఇంట్లో చేయాల్సిన ఆ లక్షవత్తులకూ కారణం నేనే.

మర్నాటి నుంచి పని మొదలైంది. ఇంట్లో పత్తికి కొదవ లేదు. మాది నల్లరేగడి. పోయిన పంటలోంచి తెల్లటి పత్తి ఏరి అత్తయ్యగారు గోతంలో దాచి ఉంచారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి అరుగు మీద చాపలు పరిస్తే చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చేవారు. గింజలు తీసేవాళ్ళు తీస్తుంటే, ఏకేవాళ్ళు ఏకుతుంటే, చేయి తిరిగినవాళ్ళు వేళ్ళకి విభూది అద్దుకుని వత్తులు చేసేవాళ్ళు. చిన్న పువ్వొత్తులు. కింద బొట్టంత గుండ్రం, పైన సన్నటి తోక. చూడ్డానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. నేను చేస్తే కింద ఉసిరికాయంత, పైన కొబ్బరిపీచంత వచ్చేది.

నేను చేసినవాటికి అత్తయ్యగారు వేరే బుట్ట పెట్టారు. అవి లెక్కలోకి రావని ఆవిడ అనలేదు గాని, నాలుగు రోజులయ్యాక చూస్తే ఆ బుట్ట ఖాళీగా ఉంది. "ఏవండీ నా వత్తులు?" అంటే, "తలకింద పెట్టుకోడానికి మెత్తగా ఉన్నాయే, దిండు కుట్టా" అన్నారు. నిజంగానే కుట్టారు. ఆ దిండు మీద మా ఆయన హాయిగా నిద్రపోయేవారు.

మా పక్కింట్లో ఆడపిల్లల బళ్ళో పంతులమ్మ ఉండేవారు. వాళ్ళు క్రైస్తవులు. బడి వదలగానే చేతిసంచీ ఇంట్లో పడేసి నేరుగా మా అరుగెక్కేవారు. మొదటిసారి వచ్చినప్పుడు అత్తయ్యగారు మొహమాటపడి, "ఇది దేవుడి పని కదా టీచరమ్మగారూ, మీకేమైనా ఇబ్బందేమో" అన్నారు.

"దీపం మీరు పెట్టుకుంటారు, ప్రార్థన నేను చేసుకుంటా. వత్తికి ఇబ్బందేముంది వదినగారూ? నలుగురూ ఇక్కడ కబుర్లు చెప్పుకుంటుంటే నేనొక్కదాన్నీ అక్కడ కూర్చోలేను" అన్నారావిడ. పిల్లల పలకల మీద అక్షరాలు దిద్దించిన చేతులు కదా, ఆవిడ వత్తులు ముత్యాల్లా వచ్చేవి. నాకు మరీ చిన్నతనంగా ఉండేది.

మా మామయ్యగారికి మాత్రం ఈ గొడవంటే గిట్టేది కాదు. ఆరడుగుల మనిషి, గుబురు మీసాలు. పొలం నుంచి వచ్చి అరుగు మీద చోటు లేక వీధిలోనే నిలబడి, "ఇంట్లో మనుషుల కంటే వత్తులెక్కువయ్యాయి" అని సణిగేవారు. ఒకరోజు పప్పుచారులో వత్తి వచ్చింది. దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని, "ఇది తినాలా, వెలిగించాలా?" అని అడిగారు. అత్తయ్యగారు ఏమాత్రం తొణక్కుండా, "కడిగి ఇటివ్వండి, లెక్కకి పనికొస్తుంది" అన్నారు.

వాళ్ళిద్దరి మధ్యా మాటలు అంతకు మించి ఉండేవి కావు. పోట్లాటలు లేవు. అలాగని కబుర్లూ లేవు. ఆయన పొలం ఆయనది, ఆవిడ ఇల్లు ఆవిడది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో అంతే.

దసరా వెళ్ళింది. వత్తులు చూస్తే సగానిక్కూడా రాలేదు. అంతలో వత్సవాయి నుంచి అత్తయ్యగారి చెల్లెలు కబురు పెట్టింది, కూతురికి నొప్పులొచ్చేలా ఉన్నాయి, ఒకసారి రమ్మని. వెళ్ళక తప్పదు. బండెక్కుతూ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నేనొచ్చేదాకా పని ఆగకూడదే. నలుగురూ వస్తారు, నువ్వు కూర్చోపెట్టి మంచీచెడూ చూడు" అన్నారు.

ఆవిడ బండి మలుపు తిరిగిందో లేదో ముసురు పట్టింది. మూడు రోజులు సూర్యుడు కనిపించలేదు. వీధంతా బురద. ఒక్కరూ గడప దాటి రాలేదు. పంతులమ్మగారు జలుబు చేసి పడుకున్నారు. మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయేవారు. ఇంట్లో నేనూ, గోతంలో పత్తీ, పొలానికి వెళ్ళే వీల్లేక పడక్కుర్చీలో కూర్చున్న మామయ్యగారూ మిగిలాం.

ఆయన ముందు కూర్చోవాలంటే నాకు బెరుకు. అయినా పని ఆగకూడదన్నారుగా. తలుపు వారగా చాప వేసుకుని, ఆయనకి వీపు పెట్టి మొదలుపెట్టాను. ఒకటి చేశాను, విప్పేశాను. ఇంకోటి చేశాను, అదీ విప్పేశాను. చూరు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నా కళ్ళలోంచీ కారడం మొదలైంది. ముక్కు ఎగపీల్చిన చప్పుడు ఆయనకి వినపడినట్టుంది.

"అట్టా లాగకూడదు తల్లీ" అన్నారు వెనక నుంచి.

తిరిగి చూశాను. ఆయన వీధి తలుపు దగ్గరికెళ్ళి అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరకేసి, వచ్చి నా ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "ఇటివ్వు" అని చెయ్యి చాపారు.

పత్తి ఇచ్చాను. నాగలి పట్టి కాయలు కాసిన వేళ్ళు అవి. ఒక్కొక్కటి అరటిపండంత ఉంటుంది. ఆ వేళ్ళలోకి పత్తి వెళ్ళడం చూశాను గాని వత్తి ఎప్పుడు తయారైందో చూడలేదు. అరచేతిలో మల్లెమొగ్గలా పెట్టి చూపించారు. నేను నోరు తెరిచాను.

"మళ్ళీ చూడు. పత్తిని నువ్వు లాగమాకు. కాస్త వదులుగా పట్టుకుని తిప్పుతూ ఉంటే అదే వస్తది. నువ్వు భయపడితే అది ముద్దవుద్ది."

"మీకెలా వచ్చండీ మామయ్యగారూ?" అన్నాను, ఆయన్ని నేనడిగిన మొదటి ప్రశ్న అదే.

ఆయన ఇంకో వత్తి చేశారు. తర్వాత చెప్పారు. ఆయనకి ఊహ తెలియకముందే తల్లి పోయింది. వాళ్ళ మేనత్త, చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికొచ్చిన మనిషి, ఆయన్ని పెంచింది. పిల్లాడు కాస్త కన్ను తప్పితే మునేరులో ఈతకి పరిగెత్తేవాడు. ఏటికి పోకుండా ఉంచడానికి ఆవిడ మధ్యాహ్నం పూట ఒళ్ళో పత్తి పోసుకుని, పక్కన కూర్చోబెట్టుకుని, కథలు చెబుతూ ఈ పని నేర్పింది. గుడికి వత్తులన్నీ వీళ్ళిద్దరే చేసి ఇచ్చేవారట.

"మీసాలొచ్చినాక మానేసా. ఈడువాళ్ళు చూస్తే ఏడిపిస్తారని. అప్పటికి మా అత్తకి చూపు తగ్గింది. 'ఒక్క బుట్ట చేసి పోరా' అని అడిగేది. నేను పొలం వంక పెట్టి తప్పించుకునేవాణ్ణి" అన్నారు. అని, వెంటనే, "ఆవిడ ఏమీ అనుకోలేదులే. చివరిదాకా నేనంటే పంచప్రాణాలు" అని నవ్వారు. ఆ మీసాల కింద నవ్వు అంత మెత్తగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు.

ఆ మూడు రోజులూ ఇద్దరం కూర్చుని వత్తులు చేశాం. రెండో రోజు సాయంత్రానికి నా చేతికీ పని అందింది. మొదటి మంచి వత్తి రాగానే ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "ఇది దిండులోకి పోదు" అన్నారు. మేనత్త చెప్పిన కథలు నాకు చెప్పారు. రాక్షసుడొచ్చే చోట గొంతు మార్చి మరీ చెప్పారు. వాన తగ్గినా తగ్గకపోయినా నాకు పట్టలేదు. బుట్టలు నిండాయి. బుట్టలు చాలక వడ్లు కొలిచే కుంచాలు, చివరికి పెళ్ళిలో మావాళ్ళు సారె పెట్టిన గుండిగ కూడా నిండాయి.

అత్తయ్యగారొచ్చే రోజున ఆయన నాతో, "మీ అత్తకి చెప్పమాకమ్మా" అన్నారు. చెప్పనని మాటిచ్చాను.

ఆవిడ బండి దిగుతూనే, "మగపిల్లాడు!" అని వీధి వీధికీ వినపడేలా చెప్పి లోపలికొచ్చారు. నట్టింట్లో బారుగా పెట్టి ఉన్న బుట్టలు చూసి కాలు కదపలేదు.

"ఎవరు చేశారే ఇవన్నీ?"

"నేనేనండీ" అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు.

ఆవిడ బుట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఒక వత్తి తీసి చూశారు. పక్కన పెట్టారు. ఇంకోటి తీశారు. గుడ్డి వెలుగులో కళ్ళకి దగ్గరగా పెట్టుకుని తోక మెలి చూశారు. తర్వాత నా వైపు చూశారు. నేను పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పారిపోయాను.

రాత్రి భోజనాలు. మామయ్యగారు పీట మీద కూర్చున్నారు. అత్తయ్యగారు అన్నం వడ్డించి, పప్పు వేసి, నెయ్యి పోసి, లోపలికెళ్ళి ఒక బుట్ట నిండా పత్తి తెచ్చి ఆయన విస్తరి పక్కన పెట్టారు.

"ఏంటిది?" అన్నారాయన.

"భోంచేసి చెయ్యి కడుక్కున్నాక దీని సంగతి కాస్త చూడండి."

ఆయన నా వైపు గుడ్లురిమి చూశారు. "నేను చెప్పలేదండీ, ఒట్టు" అన్నాను నెత్తి మీద చెయ్యి పెట్టుకుని.

"దాన్ని చూస్తారేం? అది చెప్పలా" అన్నారు అత్తయ్యగారు. చెంగున ముడేసి ఉన్న రెండు వత్తులు తీసి ఆయన ముందు పెట్టారు. "ఇది కుడికి తిరిగింది, ఇది ఎడంకి తిరిగింది. ఈ ఇంట్లో ఎడంచేతి వాటం మనిషి ఎవరో నాకు తెలీదా? ఇన్నేళ్ళ కాపురం. ఇల్లంతా వత్తులతో నింపగల మనిషిని ఎదురుగా పెట్టుకుని నేను వీధి వీధీ బతిమాలుకుంటూ తిరిగానే!"

మామయ్యగారు తల వంచుకుని అన్నం కలుపుతున్నారు. మీసాలు వణుకుతున్నాయి. కోపమేమోనని నేను హడలిపోయాను. చూస్తే నవ్వు. అది బయటికి తన్నుకొచ్చేసరికి పొలమారింది. అత్తయ్యగారు నెత్తిన తడుతూ నీళ్ళిచ్చారు. ఆవిడా నవ్వుతున్నారు. ఏమైందో తెలియని మా ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశారు.

మర్నాడు మధ్యాహ్నం మామయ్యగారు అరుగు మీద, ఆడవాళ్ళకి కాస్త ఎడంగా, స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. ఊరంతా తెలిసిపోయింది. ఆయన స్నేహితుడొకాయన పనిగట్టుకుని వచ్చి, "ఏం బావా, చీర కూడా కట్టిస్తాం, ఏ రంగు కావాలో చెప్పు" అన్నాడు.

మామయ్యగారు తల ఎత్తకుండానే, "రంగు సంగతి తర్వాత. ముందు ఆ పత్తిలో గింజలు తియ్యి" అని ఒక గంప ఆయన ముందుకి తోశారు. వేళాకోళానికి వచ్చిన మనిషి మొహమాటానికి చుట్ట ఆర్పి కూర్చున్నాడు. సందెదాకా లేవలేదు. మర్నాడు తన తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. అట్లా మా అరుగు మీద మగవాళ్ళ చాప ఒకటి వెలిసింది. వాళ్ళకి వత్తులు రాకపోయినా, గింజలు తీయడంలో మాత్రం ఒకళ్ళ మీద ఒకళ్ళు పంతం పట్టి తీసేవాళ్ళు.

కార్తీక పున్నమికి వత్తులు పూర్తయ్యాయి. అంతకుముందే కుండల్లో ఆవునెయ్యి పోసి నానేశాం. పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టకుండా అత్తయ్యగారు, నేనూ ఉపవాసం. సాయంత్రం కుండలన్నీ గడ్డి పరిచిన బండిలో పెట్టి, పసిపిల్లల్ని తీసుకెళ్ళినట్టు మెల్లగా శివాలయానికి తీసుకెళ్ళాం. ఆవరణలో పెద్ద మట్టి మూకుళ్ళు వరుసగా పెట్టి వత్తులన్నీ వాటిలోకి వంపారు. గుడి పంతులుగారు, దంపతులిద్దరూ కలిసి వెలిగించాలన్నారు. అత్తయ్యగారు ఏకహారతి పట్టుకున్నారు. ఆవిడ చేతి మీద మామయ్యగారు చెయ్యి వేశారు. నలుగురిలో ఆయన ఆవిడ చెయ్యి ముట్టుకోవడం ఆ ఊరు చూడ్డం అదే మొదటిసారి. ఆవిడ బుగ్గలు నా బుగ్గలంత ఎర్రబడ్డాయి.

మొదట చిన్నగా అంటుకుంది. ఒక మూల నుంచి ఇంకో మూలకి, నెమ్మదిగా, పూలు విచ్చుకుంటున్నట్టు. తర్వాత ఒక్కసారిగా భగ్గుమంది. నిలువెత్తు వెలుగు. గోపురం మీద పావురాలు తెల్లారిందనుకుని లేచి గిరికీలు కొట్టాయి. వేడికి అందరూ నాలుగడుగులు వెనక్కి వేశారు, ఒక్క మామయ్యగారు తప్ప. ఆయన దగ్గరగా నిలబడి ఏ మూకుడు సరిగా వెలగలేదో చూస్తున్నారు. "మీసాలండీ, మీసాలు!" అని అత్తయ్యగారు కేకేసి కండువా పట్టుకుని వెనక్కి లాగేసరికే ఒక వైపు మీసం చివర కమురు వాసన కొట్టింది. ఆ ఆవరణలో నవ్వని మనిషి లేడు. పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి మరీ నవ్వారు.

పంతులమ్మగారు తన పిల్లలిద్దర్నీ పట్టుకుని గుడి ప్రహరీ బయట నిలబడ్డారు. అత్తయ్యగారు చూసి లోపలికి రమ్మని సైగ చేస్తే, "ఇక్కణ్ణించే బాగా కనిపిస్తోంది వదినగారూ" అన్నారావిడ. అత్తయ్యగారు బలవంతం చేయలేదు. తానే దోసిట్లో కొబ్బరిముక్కలూ అరటిపళ్ళూ పట్టుకుని బయటికెళ్ళి, కాసేపు ఆవిడ పక్కనే నిలబడి, బయట నుంచి ఎలా ఉందో చూసొచ్చారు. "నిజమేనే, అక్కణ్ణించే బాగుంది" అన్నారు నాతో. ఆ క్రిస్మస్‌కి పంతులమ్మగారింటి ముందు వెదురుపుల్లల కాగితపు నక్షత్రం కట్టారు. దాని లోపల పెట్టే ప్రమిదకి వత్తులు మామయ్యగారే చేసి స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చారు.

ఆ తర్వాత రెండేళ్ళకి మా వీధికి కరెంటొచ్చింది. మొదటిసారి బల్బు వెలిగినప్పుడు అత్తయ్యగారు దానికి దణ్ణం పెట్టి, నా వైపు తిరిగి, "సరే, ఇక నువ్వు దీపం పెట్టు" అన్నారు. పెట్టాను. అప్పటికి నాకో కూతురు.

ఇంట్లో నలుగురికీ ఎన్ని వత్తులు కావాలి? ఒక గుప్పెడు చాలు. అయినా వాళ్ళిద్దరూ ఆ అలవాటు మానలేదు. సందె వేళ బల్బు కింద ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో పత్తి బుట్ట పెట్టుకునేవారు. ఏళ్ళ తరబడి మాట్లాడుకోని మాటలన్నీ అప్పుడు మాట్లాడుకునేవారు. పెళ్ళిలో ఎవరు ఎవర్ని ముందు చూశారు అన్నదాని మీద వాళ్ళకి పెద్ద తగాదా.

"నువ్వే ముందు చూశావు, తెర పైనుంచి."

"నేను తల ఎత్తితేగా! మీరే మునివేళ్ళ మీద లేచి చూశారు. మా అన్నయ్య సాక్ష్యం."

"ఆరడుగుల మనిషికి మునివేళ్ళ మీద లేవాల్సిన ఖర్మేంటే?"

నేను వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, ఒళ్ళో పిల్లని జోకొడుతూ, మూకుట్లో పోపు మాడుతున్నా లేవబుద్ధి కాక వింటూ ఉండేదాన్ని.